నాయిన వేసిన పిస్తా రంగు

ఫ్రిజ్ రాకముందు మా వంటింటికి జాలీ అల్మారానే దిక్కు. హైదరాబాదులో నా వయసువాళ్ళలో చాలామందికి ఇది గుర్తుండే ఉంటుంది. నాలుగు పొడుగు కాళ్ళు, రెండు తలుపులు. తలుపుల్లో, పక్కల్లో చెక్కకు బదులు సన్నటి ఇనుప జాలీ. లోపల గాలి ఆడుతుంది, ఈగ దూరదు, పిల్లి మూతి పెట్టలేదు. చీమలు ఎక్కకుండా కాళ్ళ కింద సత్తు గిన్నెలు, వాటి నిండా నీళ్ళు. పై అరలో పాలు, పెరుగు. నడిమి అరలో పొద్దున వండిన కూర, పప్పు. కింద ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు, మామిడికాయ తొక్కు జాడీ. ఎండాకాలం అమ్మ తడి గుడ్డ పిండి పక్క జాలీ మీద కప్పేది. అట్లా చేస్తే పెరుగు అంత తొందరగా పులిసేది కాదు.

అమ్మ దాన్ని చిట్టీ డబ్బులతో జుమ్మెరాత్ బజార్‌లో కొన్నది. పురానాపూల్ దగ్గర గురువారం గురువారం జరిగే పాత సామాన్ల సంత అది. అమ్మినాయన దాన్ని నేమత్‌ఖానా అన్నాడట, పాతబస్తీ ఇళ్ళల్లో ఆ పేరే వాడుక. మా ఇంట్లో మాత్రం ఒట్టి అల్మారా. సామాన్ల రిక్షా మీద సనత్‌నగర్ దాకా తెచ్చుకున్నారు. చట్రం టేకు, వెనక పలకలు మామిడి చెక్క, అరలు ఏదో పెట్టెల చెక్క. ఎవరో వడ్ల ఆయన దొరికిన కట్టెతో దొరికినట్టు చేసినా, చేసిన పని గట్టిగా చేశాడు. కొన్నప్పుడు దానికి ముదురు నీలం రంగు ఉండేది. సగం ఊడిపోయి, జాలీ చుట్టూ తుప్పు మరకలతో ఉండేదని అమ్మ చెప్పేది.

మా నాయిన ఆల్విన్ ఫ్యాక్టరీలో పెయింట్ షాపులో, అంటే రంగులు వేసే విభాగంలో, పనిచేసేవాడు. ఇప్పటి పిల్లలకు ఆల్విన్ అంటే మియాపూర్ వైపు బస్సు ఆగే చౌరస్తా, లేదంటే ఒక కాలనీ పేరు. మాకు అది అన్నం పెట్టిన కంపెనీ. 1942లో ఆల్విన్ మెటల్ వర్క్స్‌గా మొదలైంది. బస్సుల బాడీలు కట్టింది, ఇనుప బీరువాలు చేసింది, ఫ్రిజ్‌లు చేసింది, తరవాత చేతి గడియారాలు కూడా చేసింది. సనత్‌నగర్‌లో పొద్దున సైరన్ మోగితే వీధులన్నీ సైకిళ్ళే. నాయిన ఫ్రిజ్ తలుపులకు గన్నుతో రంగు కొట్టేవాడు. రంగు కొట్టిన తలుపులు కొక్కేలకు వేలాడుతూ పొయ్యిలోకి పోతాయని, ఆ వేడికి రంగు కాలి గాజులాగా గట్టిపడుతుందని చెప్పేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు ఎంత కడుక్కున్నా గోళ్ళ చివర తెల్లటి గీత మిగిలేది. అన్నం కలిపేటప్పుడు ఆ గీతనే చూసేదాన్ని.

రోజంతా ఊరి ఇళ్ళకు ఫ్రిజ్‌లు తయారుచేసే మనిషి ఇంట్లో పెరుగు జాలీ అల్మారాలో ఉండేది. నాయినకు అది లోటుగా అనిపించినట్టు నేనెప్పుడూ చూడలేదు. ఆ అల్మారా మీద ఆయనకు ఒక గౌరవం ఉండేది. "గిది కరెంటు అడుగది, గ్యాసు అడుగది. రంగొక్కటే అడుగుతది" అనేవాడు.

ఆ రంగు వేయడానికి ఆయనకొక కాలం ఉండేది. దసరా పోయినంక, దీపావళి లోపల. వానాకాలం గాలిలో తడి ఉంటే ఎనామిల్ రంగు ఆరదు, మెరుపు పోయి తెల్లగా మసకబారుతుంది. నడి ఎండల్లో వేస్తే కుంచె గీతలు సర్దుకునే లోపలే ఆరిపోతుంది, గీతలు అట్లాగే నిలిచిపోతాయి. పైగా ఎండాకాలం గాలికి లేచే దుమ్మంతా తడి రంగు మీదే వాలుతుంది. దసరా తరవాత హైదరాబాదు గాలి పొడిగా, చల్లగా ఉంటుంది. ఇప్పటికీ నేను ఆ లెక్కే పాటిస్తాను. ఎవరైనా జూలైలో తలుపులకు రంగు వేయిస్తామంటే ఆపమని చెప్తాను.

పిస్తా రంగు అమ్మ ఎంపిక. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు నీలం మీద కొత్త రంగు వేద్దామన్నాడు నాయిన. మట్టి రంగు వేస్తే మురికి కనపడదని పక్కింటామె సలహా ఇచ్చింది. అమ్మ అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "మురికి కనపడాలె. కనపడితేనే తుడుస్తం. తినే తిండి పెట్టుకునేదానికి మురికి దాచే రంగెందుకు?" మా వంటిల్లు చీకటిగా ఉండేది, ఒకటే కిటికీ. లేత రంగు వేశాక ఆ మూల వెలుగొచ్చింది. అమ్మకు రంగుల శాస్త్రం ఏమీ తెలియదు, వంటింట్లో నిలబడి పనిచేసే మనిషికి ఏం కావాలో తెలుసు. ఈ రోజుల్లో వంటింటి రంగుల గురించి ఎవరెన్ని చెప్పినా నాకు అమ్మ మాటే ఖాయం.

ఆ సారి నాయిన నన్ను పనిలో కూర్చోబెట్టుకున్నాడు. తమ్ముడు చిన్నవాడు, పెరట్లో ఊడదీసిన స్క్రూలు అగ్గిపెట్టెలో వేసే పని వాడిది. ముందు తలుపులు ఊడదీయాలి. మడత బందులు, గొళ్ళెం తీసి కిరసనాయిల్ గిన్నెలో వేయాలి. చాలామంది బందుల మీద నుంచే రంగు పూసేస్తారు, ఆ తరవాత తలుపు తీసినప్పుడల్లా అక్కడ పెచ్చులు లేస్తాయి. వంటింటి సామాను కాబట్టి చట్రమంతా నూనె జిడ్డు. సోడా కలిపిన వేడినీళ్ళతో తోమి ఒక పగలంతా ఎండబెట్టాడు. జిడ్డు పోకుండా ఉప్పు కాగితం పడితే ఆ జిడ్డు చెక్కలోకే ఎక్కుతుందని చెప్పాడు. తరవాత 80 నంబరు కాగితం, ఆ పైన 120, చివర 220. కాగితాన్ని చిన్న చెక్క ముక్కకు చుట్టి, కట్టె చార ఎటు పోతే అటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే ఆ గీతలు ఎన్ని పూతలు వేసినా రంగు కింద నుంచి కనపడతాయి.

టేకు భాగాన్ని నాయిన వేరుగా చూసేవాడు. టేకులో సహజంగా నూనె ఉంటుంది. చెదలు దాని జోలికి సులువుగా రాకపోవడానికి అదొక కారణం. అదే నూనె రంగును అంటనివ్వదు. అందుకని రంగు ఊడి కట్టె బయటపడ్డ చోట థిన్నర్ గుడ్డతో తుడిచి, తుడిచిన వెంటనే ప్రైమరు పట్టించేవాడు. ఆలస్యం చేస్తే లోపలి నూనె మళ్ళీ పైకి వస్తుంది. మేకులు దిగిన గుంటలకు, చీలికలకు లప్పం. సుద్దపొడి, అవిసె నూనె కలిపి అరచేతిలో ముద్ద చేసేవాడు. వేలికి అంటకుండా వేలి గుర్తు పడేంత గట్టిగా రావాలి. ఆ ముద్ద వాసన నాకు చాలా ఇష్టం.

రంగు డబ్బా మీద ఏషియన్ పెయింట్స్ వాళ్ళ గట్టు అనే పిల్లవాడి బొమ్మ ఉండేది. చేతిలో కుంచె పట్టుకుని, నుదుటి మీద జుట్టు పడ్డ ఆ పిల్లవాడిని 1954లో ఆర్.కె. లక్ష్మణ్ గీశాడు. డబ్బా ఖాళీ అయ్యాక అమ్మ అందులో కనకాంబరం పెట్టేది కాబట్టి, మా ఇంటి ముందు గట్టులు వరుసగా నిలబడి ఉండేవారు.

కుంచె పట్టుకునే తీరు దగ్గర నాయిన చాలా పట్టుదల మనిషి. వెంట్రుకల్లో మూడో వంతే రంగులో మునగాలి. తీశాక డబ్బా అంచుకు రాయకూడదు, లోపలి గోడకు మెల్లగా తట్టాలి. ముందు రంగు పరచాలి, తరవాత అడ్డంగా సర్దాలి, చివరగా కుంచె కొన మాత్రమే తగిలేటట్టు పొడుగునా లాగి వదలాలి. ఆ చివరి లాగుడు ఎప్పుడూ పొడి వైపు నుంచి తడి వైపుకు. ఇది చేసేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టేవాడు. చట్రం పై అంచు నుంచి కింది దాకా ఒకే లాగుడు, చివర మణికట్టు కొంచెం పైకి లేచేది. గీతలు మొదట దువ్వెన పళ్ళలాగా కనపడి, చూస్తూ ఉండగానే ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి నున్నగా అయ్యేవి. "ఇగ ముట్టకు బిడ్డా. రంగు సర్దుకుంటున్నది, దాని పని దాన్ని చేసుకోనియ్యి." కంపెనీలో గన్ను పట్టే మనిషికి ఇంట్లో కుంచె మీద అంత ప్రేమ ఎట్లా అని అడిగాను. గన్ను అయితే పని తొందరగా అవుతుంది, కుంచె అయితే కట్టె ఎక్కడ మెత్తగా ఉందో, ఎక్కడ పుచ్చిందో చేతికి తెలుస్తుంది అన్నాడు.

రంగు వడపోయడానికి అమ్మ పాత వాయిలు చీర కొంగు. మిగిలిన రంగు డబ్బాను మూత గట్టిగా బిగించి బోర్లించి పెట్టేవాడు. పైన కట్టే మీగడ అట్లా అడుక్కు పోతుంది, మళ్ళీ తెరిచినప్పుడు మంచి రంగు పైన ఉంటుంది. కాళ్ళ అడుగున సన్నటి మేకులు సగం దిగ్గొట్టి అల్మారాను వాటి మీద నిలబెట్టేవాడు. కాలి చివరంటా రంగు పడుతుంది, నేలకు అంటుకోదు. నీళ్ళ గిన్నెల్లో నిలబడే కాళ్ళు కాబట్టి వాటి అడుగు కట్టెకు ఆయన అన్నిటికంటే ఎక్కువ రంగు తాగించాడు. ఆ కాళ్ళు ఇవాళ్టికీ కుళ్ళలేదు.

తరవాత మా ఇంటికీ ఫ్రిజ్ వచ్చింది, ఆల్విన్‌దే, జీతంలో వాయిదాల మీద. అల్మారా వంటింట్లో నుంచి వరండాలోకి వచ్చింది. అయినా అమ్మ తొక్కు జాడీలు, నెయ్యి గిన్నె అందులోనే పెట్టేది. 1990ల్లో ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి వెళ్ళింది. సైరన్ లేని పొద్దుళ్ళు అలవాటు కావడానికి మా కాలనీకి చాలా కాలం పట్టింది. నాయిన రిటైరయ్యాక కూడా రెండు మూడేళ్ళకొకసారి అల్మారాకు ఒక పూత వేస్తూనే వచ్చాడు, అదే పిస్తా. చేతులు వణకడం మొదలయ్యాక ఆ పని ఆగింది.

అమ్మానాయినలు పోయాక సనత్‌నగర్ ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చింది. మా తమ్ముడు మంచివాడు. అల్మారాను పారేద్దామని అనలేదు, ఎర్రగడ్డ సంతకు పంపిద్దామనీ అనలేదు. "అక్కా, రంగంతా గీకించి టేకు పాలిష్ కొట్టిద్దాం, హాల్లో పెడితే యాంటిక్ లెక్క ఉంటది" అన్నాడు. ఈ మాట ఇప్పుడు అందరి నోటా వినపడుతుంది. టేకు అనగానే రంగు వేయడం పాపమన్నట్టు మాట్లాడతారు. అందమైన చారలున్న బల్లకు, చెక్కడం పని ఉన్న పందిరి మంచానికి పాలిష్ పెట్టమనండి, నేనూ ఒప్పుకుంటాను. లక్కను స్పిరిట్‌లో కరిగించి దూది ఉండతో పూత మీద పూత పట్టించే మంచి పనివాళ్ళు మన ఊళ్ళో ఇంకా ఉన్నారు. ఈ అల్మారా సంగతి వేరు. మూడు రకాల కట్టెతో చేసినది, పుట్టినప్పుడే రంగు కోసం చేసినది. రంగు గీకేస్తే టేకు ఒక తీరు, మామిడి ఒక తీరు, పెట్టెల చెక్క ఒక తీరు బయటపడతాయి. వాటన్నిటినీ ఒక్క సామానుగా నిలబెట్టింది ఆ పిస్తా పూతే. అమ్మ ఎంచుకుంది, నాయిన వేశాడు. నా ఇంట్లో అది అదే రంగులో ఉండాలని పట్టుబట్టాను. తమ్ముడు ఎదురు చెప్పలేదు.

పని మొదలుపెట్టేముందు ఒక విషయం తెలుసుకున్నాను. పాత సామానుకు రంగు వేసే ప్రతి ఒక్కరూ ఇది తెలుసుకోవాలి. ఒకప్పటి ఎనామిల్ రంగుల్లో సీసం కలిసేది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు, దాటకూడదనే నిబంధన మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకంటే పాత రంగును పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరిలోకి పోతుంది, నేల మీద పడి పిల్లల చేతులకు అంటుతుంది. చిన్నపిల్లల మెదడుకు సీసం చాలా చెరుపు చేస్తుంది. నా మనవరాలు పాకే వయసు. అందుకని పాపను కూతురి ఇంట్లోనే ఉంచమని చెప్పి, బాల్కనీలో ప్లాస్టిక్ పట్టా పరిచి, మాస్కు పెట్టుకుని, నీళ్ళతో వాడే కాగితంతో తడిపి తడిపి రుద్దాను. దుమ్ము లేవలేదు, బురదలాగా పట్టా మీదికి జారింది. దాన్ని తడి గుడ్డలతో ఎత్తి సంచిలో కట్టేశాను. పాత రంగును కట్టె దాకా తీయాలని చూడలేదు. గట్టిగా ఉన్నదాన్ని అట్లాగే ఉంచి, గరుకు తెప్పించి, పైన కొత్త పూతతో మూసేయడమే మేలు.

అట్లా రుద్దుతున్నప్పుడు కుడి తలుపు అంచు దగ్గర, చెయ్యి పట్టి పట్టి అరిగిన చోట, పిస్తా కింద నుంచి ముదురు నీలం, దాని కింద ఇటుక రంగు కనిపించాయి. ఆ ఇటుక రంగు సంగతి అమ్మకు కూడా తెలిసినట్టు లేదు. మా కంటే ముందు ఏ ఇంట్లో ఉండేదో, అందులో ఎవరి పాలు, ఎవరి కూరలు పెట్టుకున్నారో. ఆ ఇంటామె చెయ్యి కూడా సరిగ్గా ఇక్కడే పడేది. ఆ చోట కాసేపు నా వేలు పెట్టి కూర్చున్నాను.

రంగు కలిపించడానికి వెనక పలక నుంచి ఊడిన పెచ్చు ఒకటి కాగితంలో చుట్టుకుని దుకాణానికి పోయాను. ఇప్పుడంతా మెషీన్లే, షేడ్ కార్డులో వందల ఆకుపచ్చలు. దుకాణం అబ్బాయి చాక్ పెయింట్ చూపించాడు, మ్యాట్ ఫినిష్ చూపించాడు, అదే ఫ్యాషన్ అన్నాడు. వంటింటికి నేను మెరుపుండే గ్లాసీ ఎనామిలే అడిగాను. పోపు పొగ పట్టిన చోట మ్యాట్ మరక తాగుతుంది. గ్లాసీ అయితే తడి గుడ్డ చాలు. ఓపికగా రెండు మూడు సార్లు కలిపి, పెచ్చు పక్కన చుక్క పెట్టి ఆరబెట్టి చూపించాడు. తడిగా ఉన్నప్పుడు ఉండే రంగు వేరు, ఆరాక తేలే రంగు వేరు. ఆ ఓపికకు ఆ అబ్బాయికి నా దీవెనలు.

తలుపుల జాలీ పూర్తిగా తుప్పు తినేసింది. రాణిగంజ్‌లో కొత్తది కొని బిగించాను. పక్కల జాలీ పాతదే. జాలీకి రంగు వేయడం అన్నిటికంటే కష్టమైన పని, కుంచెతో పూస్తే కళ్ళన్నీ మూసుకుపోతాయి. దానికి నాయిన ఉపాయమే వాడాను. నూలు గుడ్డను ఉండ చుట్టి, రంగులో అద్ది, పాత కాగితం మీద ఒత్తి రంగంతా తీసేసి, ఆ మిగిలిన తడితో జాలీ మీద అద్దుకుంటూ పోవాలి. తీగకు మాత్రమే రంగు అంటుతుంది, కన్ను తెరిచే ఉంటుంది. ఎక్కడైనా మూసుకుంటే వెనక నుంచి గట్టిగా ఊదాలి. చిన్నప్పుడు ఆ ఊదే పని నాది, తమ్ముడిది.

రెండు పూతలు వేసి, నడుమ 320 కాగితంతో తేలిగ్గా రుద్దాను. మర్నాటికి చేతికి అంటదు కానీ అప్పుడే సామాన్లు సర్దకూడదు. ఎనామిల్‌లో ముందు టర్పెంట్ ఎగిరిపోతుంది. ఆ తరవాత అందులోని నూనె గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుంటూ మెల్లమెల్లగా గట్టిపడుతుంది, దానికి రోజులు పడుతుంది. తొందరపడి జాడీ పెడితే అడుగు అతుక్కుంటుంది. పొయ్యిలో కాలిన రంగుకు, గాలికి ఆరిన రంగుకు తేడా ఉంటదని నాయిన చెప్పింది ఇదే.

ఇప్పుడు మా వంటింట్లో ఫ్రిజ్ పక్కనే నిలబడి ఉంది. సీసం సంగతి మనసులో ఉంది కాబట్టి తిండిని అరల మీద నేరుగా పెట్టను, స్టీలు పళ్ళేలు పరిచి వాటి మీద మూత ఉన్న జాడీలే పెడతాను. తొక్కు, చింతపండు, ఎండుమిరపకాయలు, బెల్లం. కాళ్ళ కింద గిన్నెలు మళ్ళీ పెట్టాను, బెల్లం ఉన్న ఇల్లు కదా.

దీపావళికి తమ్ముడు వచ్చాడు. తలుపు తీసి వేసి చూశాడు, బందులు చప్పుడు చేయలేదు. పక్క జాలీకి ముఖం ఆనించి ఒకసారి ఊదాడు. తరవాత అడిగాడు, "రంగు ఇంకా మిగిలిందా అక్కా? నాయిన మడత కుర్చీ నా దగ్గరనే ఉన్నది. ఇనుప గొట్టాలు తుప్పు పట్టినయ్."

"డబ్బా బోర్లించి పెట్టిన, సగం ఉంది. ఇనుము కాబట్టి ముందు రెడ్ ఆక్సైడ్ కొట్టాలె. వచ్చే ఆదివారం కుర్చీ తీసుకొని రా. 120 కాగితం, వైర్ బ్రష్ నువ్వే తెచ్చుకో. పాత బట్టలు ఏసుకొని రా."

"పొద్దుగాల్నే వస్త" అన్నాడు.